సున్నాకు ఎదురుగా ఒకే వరుసలో

పాత గాజు థర్మామీటరు మీద పాదరసం గీత ఒక్కటే, కొలతలు మాత్రం రెండు. ఒక అంచున ఫారెన్‌హీట్ అంకెలు, రెండో అంచున సెల్సియస్ అంకెలు. ఇంట్లో పెద్దవాళ్లు ‘నూటొకటి ఉంది’ అంటారు. అదే జ్వరం ఆసుపత్రి కేస్ షీటులో 38.3 అని కనిపిస్తుంది. ఈ రెండు అంకెలనూ కలిపే సూత్రం హైస్కూలు దాటిన ప్రతివారికీ ఒకప్పుడు నోటికి వచ్చినదే:

ఫా = (9/5) సె + 32

ఇక్కడ ఫా అంటే ఫారెన్‌హీట్ అంకె, సె అంటే సెల్సియస్ అంకె. 1724లో డేనియల్ ఫారెన్‌హీట్ ప్రకటించిన కొలమానానికీ, 1742లో ఆండర్స్ సెల్సియస్ ప్రతిపాదించినదాని నుంచి వచ్చిన నేటి కొలమానానికీ మధ్య ఉన్న బంధమంతా ఈ ఒక్క వరుసలో ఉంది. ఇదొక రేఖీయ సమీకరణం. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది.

తొమ్మిదో తరగతి గణితంలో దీన్ని ప్రామాణిక రూపంలోకి మార్చమని ఒక అభ్యాసం ఉంటుంది. మార్చడం కష్టమేమీ కాదు. ముందు భిన్నం పోవాలి కాబట్టి రెండు పక్షాలనూ 5తో గుణిస్తాం. 9/5 కాస్తా 9 అవుతుంది. ఫా 5ఫా అవుతుంది. 32 కూడా 160 అవుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. భిన్నం ఉన్న పదాన్ని గుణించి, పక్కన ఉన్న 32ను అలాగే వదిలేస్తారు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది 5ఫా = 9సె + 160. అన్ని పదాలనూ ఒకే పక్షంలోకి తెస్తే:

9సె − 5ఫా + 160 = 0

ఇంతే. సెకు గుణకం 9, ఫాకు గుణకం −5, స్థిర పదం 160 అని రాసి కింద గీత గీస్తే మార్కులు వస్తాయి. తర్వాతి లెక్కకు వెళ్లిపోతాం. తెలిసిన విషయాన్నే ఇంకోలా తిరగరాయడం ఎందుకన్న ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసమే. నా దృష్టిలో బడి బీజగణితంలో ఇంతగా చిన్నచూపు చూసిన పాఠం మరొకటి లేదు.

మొదటి రూపాన్ని మళ్లీ చూడండి. అందులో ఫా ఒక్కటే ఎడమవైపు ఉంది, మిగతాదంతా కుడివైపు ఉంది. సె ఎంతో చెప్పు, ఫా ఎంతో చెబుతాను అంటుంది ఆ సూత్రం. ఒక రాశి ముందు నడుస్తుంది, రెండోది దాని వెనక వస్తుంది. సె ఒక డిగ్రీ పెరిగితే ఫా 9/5 డిగ్రీలు పెరుగుతుందని, సె సున్నా దగ్గర ఫా 32 అని చూడగానే తెలుస్తుంది. ఆ పనికి అంతకన్నా మంచి రూపం లేదు. ప్రామాణిక రూపంలో ఈ ముందూ వెనకా ఉండదు. రెండు రాశులూ ఒకే వరుసలో నిలబడతాయి. ఒకటి తెలిసి రెండోది కనుక్కోవడమే కాదు, రెండింటి గురించీ ఒకేసారి ప్రశ్న అడిగే వీలు వస్తుంది.

అలాంటి ప్రశ్న ఒకటి అడుగుదాం. రెండు కొలమానాల్లోనూ ఒకే అంకె వచ్చే ఉష్ణోగ్రత ఉందా? సె ఉన్నచోటా ఫా ఉన్నచోటా ఒకే అంకె ‘ట’ పెట్టండి. 9ట − 5ట + 160 = 0, అంటే 4ట = −160, ట = −40. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన రెండు కొలమానాలూ కలుస్తాయి. సైబీరియా చలికాలంలో మామూలుగా నమోదయ్యే ఉష్ణోగ్రతే అది.

ఇంకో ప్రశ్న. రెండు అంచుల్లోనూ దశాంశం లేకుండా పూర్ణ సంఖ్యలే వచ్చే చోట్లు ఎన్ని? భిన్నం ఉన్న సూత్రంలో ఒక్కొక్క అంకె వేసి చూడటం తప్ప దారి తోచదు. సమీకరణాన్ని 9సె + 160 = 5ఫా అని పెట్టుకుంటే సమాధానం దానంతటదే బయటపడుతుంది. కుడివైపున్నది 5 గుణిజం. 160 కూడా 5 గుణిజమే. అందుచేత 9సె కూడా 5 గుణిజం కాక తప్పదు. 9కీ 5కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ఆ 5 సెలోనే ఉండాలి. అంటే సెల్సియస్ అంకె 0, 5, 10, 15 ఇలా ఐదేసి చొప్పున ఉన్నచోటే ఫారెన్‌హీట్ వైపు కూడా పూర్ణ సంఖ్య వస్తుంది. ఆ జతలు 0కి 32, 5కి 41, 10కి 50, ఇలా సాగి 35కి 95, 40కి 104.

చివరి రెండు జతలను గమనించండి. మనిషి ఒంటి వేడి మామూలు స్థితి నుంచి గట్టి జ్వరం దాకా దాదాపుగా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది. ఆ మధ్యలో ఒక్క పూర్ణ జత కూడా లేదు. 37 సెల్సియస్ పెడితే 333 + 160 = 493, దాన్ని 5తో భాగిస్తే 98.6. మనం చిన్నప్పటి నుంచి వింటున్న 98.6లోని దశాంశం అలా పుట్టింది. 1868లో జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ వేలమంది రోగులను పరీక్షించి ఆరోగ్యవంతుడి సగటు ఉష్ణోగ్రత 37 సెల్సియస్ అని గ్రంథం రాశాడు. ఆయన అంకె గుండ్రని సంఖ్య. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చగానే చివర ఆ .6 వచ్చి చేరింది. శరీరం ఒక డిగ్రీలో పదో వంతు వరకూ కచ్చితంగా నిలబడుతుందని ఆ అంకె చెప్పడం లేదు. 493 ఐదుతో నిశ్శేషంగా భాగించబడదని మాత్రమే చెబుతోంది. 98.8 వచ్చిందని కంగారుపడే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియడం అవసరం.

పూర్ణ సంఖ్యల జవాబుల కోసం సమీకరణాన్ని ముందుగా సర్దుకోవడం మన దేశంలో చాలా పాత విద్య. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలోని గణిత భాగం చివరి రెండు శ్లోకాల్లో ఈ పద్ధతిని చెప్పాడు. తర్వాతివాళ్లు దాన్ని కుట్టకం అన్నారు. పెద్ద సంఖ్యలను భాగహారంతో దంచి దంచి చిన్నవి చేసే పద్ధతి అది. గ్రహాలు ఇన్ని యుగ దినాల్లో ఇన్ని చుట్లు తిరుగుతాయంటే, ఫలానా స్థానంలో ఉన్న గ్రహం ఇప్పటికి ఎన్ని పూర్తి చుట్లు తిరిగింది, ఎన్ని రోజులు గడిచాయి వంటి లెక్కలకు అది కావాల్సి వచ్చేది. 629లో మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి రాసిన వ్యాఖ్యలో దీన్ని ఎన్నో ఉదాహరణలతో విప్పి చూపాడు.

కుట్టకంలో సమీకరణానికి ఒక నిర్ణీత ఆకారం ఉంది. భాజ్యాన్ని తెలియని సంఖ్యతో గుణించి, క్షేపం కలిపితే, హారంతో నిశ్శేషంగా భాగించబడాలి. మన థర్మామీటరు లెక్క అచ్చంగా అదే: భాజ్యం 9, క్షేపం 160, హారం 5. 1150 ప్రాంతంలో రెండో భాస్కరుడు దీనికి ముందు చేయవలసిన పని ఒకటి చెప్పాడు. భాజ్యం, హారం, క్షేపం మూడింటికీ ఉమ్మడి భాజకం ఉంటే దాన్ని ముందే తీసేయాలి. దానికి అపవర్తనం అని పేరు. భాజ్య హారాలను భాగించే సంఖ్య క్షేపాన్ని భాగించకపోతే లెక్కే దుష్టం, దానికి జవాబు లేదు. గుణకాలు పూర్ణ సంఖ్యలై ఉండాలి, వాటికి ఉమ్మడి కారణాంకం ఉండకూడదు అని ఈనాటి పాఠ్యపుస్తకాలు కొన్ని పెట్టే నియమానికి ఇదొక గట్టి కారణం. అది రాత అందం కోసం మాత్రమే కాదు.

చేతిలో 20 రూపాయల నోట్లు, 50 రూపాయల నోట్లు మాత్రమే ఉన్నాయనుకోండి. కిరాణా కొట్టులో 135 రూపాయలు చిల్లర లేకుండా సరిగ్గా ఇవ్వగలరా? 20 నోట్లు య, 50 నోట్లు ర అనుకుంటే 20య + 50ర = 135. ఎడమ గుణకాలు రెండింటినీ 10 భాగిస్తుంది, 135ను భాగించదు. దుష్టం, ఎన్ని నోట్లున్నా కుదరదు. బిల్లు 130 అయితే 10తో అపవర్తనం చేసి 2య + 5ర = 13 అని రాస్తాం. 2య సరి సంఖ్య, 13 బేసి, కాబట్టి ర బేసి కావాలి. ర = 1 అయితే య = 4. ర = 3 అయితే 15 అయిపోతుంది, మించిపోయింది. కాబట్టి ఒక్కటే మార్గం: నాలుగు ఇరవైలు, ఒక యాభై. నాలుగు వరుసల్లో తేలిన ఈ లెక్కను య = 6.5 − 2.5ర అన్న రూపంలో ఉంచి చేయబోతే దశాంశాల్లో పడి కొట్టుకుంటాం.

ఇంతవరకూ చూసింది ఒక్క సమీకరణాన్ని. ప్రామాణిక రూపం బలం పూర్తిగా కనబడేది రెండు సమీకరణాలను ఒకదాని కింద ఒకటి పెట్టినప్పుడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తర్వాత తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుని మూలంలో ఒక పండ్ల లెక్క ఉంది. తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి ధర 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్క పండు ఎంత?

9మా + 7వె = 107
7మా + 9వె = 101

ఇలా రాయగానే కళ్లకు ఒక సంగతి తగులుతుంది. పై వరుసలోని 9, 7 కింది వరుసలో 7, 9 అయ్యాయి. రెండు వరుసలూ కూడితే 16మా + 16వె = 208, అంటే రెండు పండ్ల ధరలు కలిపి 13. కింది వరుసను పై వరుసలోంచి తీసేస్తే 2మా − 2వె = 6, అంటే తేడా 3. మొత్తం 13, తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. కాగితం కూడా అక్కర్లేదు. అదే రెండు సమీకరణాలను వె = (107 − 9మా)/7 అనీ వె = (101 − 7మా)/9 అనీ రాసి చూడండి. జవాబు అప్పుడూ అదే వస్తుంది, కాని భిన్నాల మీద భిన్నాలు చేశాక వస్తుంది. 9, 7 తారుమారైన ఆ సొగసు అసలు కనబడదు. సమాచారమంతా అందులోనూ ఉంది, కనబడే తీరులో లేదంతే.

చైనాలో హాన్ వంశ కాలం నాటి ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే గణిత గ్రంథం మహావీరునికి ఎంతో ముందే ఈ ఆలోచనను ఇంకా దూరం తీసుకెళ్లింది. దాని ఎనిమిదో అధ్యాయంలో మొదటి లెక్క పంట కట్టల గురించి. మేలురకం 3 కట్టలు, మధ్యరకం 2, నాసిరకం 1 కలిపి 39 కొలతల ధాన్యం ఇస్తాయి. 2, 3, 1 కట్టలైతే 34. 1, 2, 3 అయితే 26. వాళ్లు తెలియని రాశులకు పేర్లే పెట్టలేదు. బల్ల మీద లెక్క పుల్లలతో సంఖ్యలను నిలువు వరుసల్లో పేర్చారు. ఏ గడిలో ఉన్నది ఏ రకం గుణకమో ఆ గడే చెబుతుంది. ఒక వరుసను గుణించడం, ఇంకో వరుసలోంచి తీసేయడం, ఇలా ఒక్కొక్క గడినీ ఖాళీ చేసుకుంటూ పోయారు. జవాబులు 9¼, 4¼, 2¾. ఈనాడు మాత్రికలతో, కంప్యూటర్లతో చేసేది ఇదే పని. కంప్యూటరుకు సమీకరణమంటే గడుల్లో నిలిచిన గుణకాలే. వేల సమీకరణాలు ఇచ్చినా అన్నీ ఒకే వరుసక్రమంలో ఉంటేనే అది పని మొదలుపెట్టగలదు.

గడుల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఏదైనా రాశి ఆ సమీకరణంలో లేకపోతే దాని గడిలో ఏం పెట్టాలి? మన గణితజ్ఞులు అక్కడ సున్నా రాశారు. ఏడో శతాబ్దపు గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుని గ్రంథానికి తొమ్మిదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన పృథూదకస్వామి సమీకరణం రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, లేని పదం ఉండాల్సిన చోట ‘యా 0’ అని పెట్టాడు. యా అంటే యావత్తావత్, తెలియని రాశికి ఆనాటి పేరు. ఒకటికి మించి ఉంటే కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి తొలి అక్షరాలు రాసేవారు. ఈ అధ్యాయంలో సె, ఫా, మా, వె అని నేను రాసింది ఆ సంప్రదాయాన్ని అనుసరించే.

ఆ సున్నా ఈనాటి గ్రాఫు కాగితం మీద కూడా పనికొస్తుంది. నిట్టనిలువు గీతను తీసుకోండి. దాని మీద ప్రతి బిందువుకూ య = 3, ర ఏదైనా కావచ్చు. దీన్ని ‘ర ఇంత’ అని ముందుపెట్టి రాయలేం. దానికి వాలు అనేదే నిర్వచితం కాదు. ప్రామాణిక రూపంలో 1య + 0ర − 3 = 0. నిలువు, అడ్డం, ఏటవాలు అన్న తేడా లేకుండా తలంలో గీసే ప్రతి సరళరేఖకూ ఇందులో చోటు ఉంది. య, ర గుణకాలు రెండూ ఒకేసారి సున్నా కాకూడదు, అంతే షరతు.

అన్నిటినీ ఒకవైపు చేర్చి ‘= 0’ అనడానికి మాత్రం ప్రపంచానికి చాలా కాలం పట్టింది. వస్తువులన్నీ కలిపితే సున్నా రావాలంటే వాటిలో కొన్ని ఋణాలై ఉండాలి. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఋణ గుణకాలను సమీకరణంలో ఉండనివ్వలేదు. అందువల్ల వర్గ సమీకరణం దాకా ఆయనకు ఆరు వేర్వేరు రకాలు తేలాయి, ఒక్కొక్క దానికీ వేరే విధానం. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ధనానికీ ఋణానికీ సున్నాకూ కూడిక, తీసివేత, గుణకార సూత్రాలు చెప్పి ఉన్నాడు. యూరప్‌లో అన్ని పదాలనూ ఒక పక్షంలో చేర్చి సున్నాకు సమానం చేసే రాత పదిహేడో శతాబ్దంలో గాని వ్యాపించలేదు.

సున్నాకు సమానం చేయడం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. సున్నా రాకపోతే ఆ వచ్చిందేమిటో కూడా మనతో మాట్లాడుతుంది. ఒక రోగి చార్టులో ఒకచోట 38 సెల్సియస్ అని, పక్కనే 102 ఫారెన్‌హీట్ అని ఉందనుకోండి. 9 × 38 − 5 × 102 + 160 = 342 − 510 + 160 = −8. సున్నా కాలేదు, కాబట్టి రెండింట్లో కనీసం ఒకటి తప్పు. గుర్తు ఋణం, కాబట్టి సెల్సియస్ అంకెను నమ్మితే ఫారెన్‌హీట్ అంకె ఎక్కువ పడింది. ఎంత ఎక్కువ? 8ని 5తో భాగిస్తే 1.6. సరైన అంకె 100.4. రేఖకు ఒక పక్కనున్న బిందువులన్నిటికీ ధన సంఖ్య, రెండో పక్కవాటికి ఋణ సంఖ్య వస్తాయి. ఫోన్‌లో మనవాళ్లు ఆడే ఆటల్లోని బొమ్మలు చిన్న చిన్న త్రిభుజాలతో కట్టినవి. తెర మీద ఒక చుక్క త్రిభుజం లోపల ఉందా బయట ఉందా అన్నది మూడు భుజాల సమీకరణాల్లో ఆ చుక్క నిర్దేశాంకాలు వేసి, మూడు గుర్తులూ చూసి తేల్చవచ్చు. భాగహారం అవసరం లేదు, నిలువు భుజానికి వేరే ఏర్పాటూ అక్కర్లేదు.

ఇక ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పేవారికి ఒక మాట. మన పుస్తకాలు అన్ని పదాలనూ ఎడమవైపు చేర్చి సున్నాకు సమానం చేస్తాయి. అమెరికా బడి పుస్తకాలు స్థిర పదాన్ని కుడివైపే ఉంచుతాయి, మొదటి గుణకం ఋణం కాకూడదంటాయి. మన 9సె − 5ఫా + 160 = 0 అక్కడ 9సె − 5ఫా = −160 అవుతుంది. అక్కడ చదివే మన పిల్లలకు ఇక్కడి తాతయ్య వీడియో కాల్‌లో లెక్క చెబుతుంటే స్థిర పదం గుర్తు దగ్గర తగవు వస్తుంది. ఇద్దరిదీ సరైనదే. ఒకే రేఖ −9సె + 5ఫా − 160 = 0 కూడా అవుతుంది, 18సె − 10ఫా + 320 = 0 కూడా అవుతుంది. రేఖను నిర్ణయించేది మూడు సంఖ్యల నిష్పత్తి. గుర్తులన్నీ తిరగబడ్డాయని మార్కులు కోయడం అన్యాయం. అలా కోసే ఉపాధ్యాయులు దయచేసి మానుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైన విన్నపం ఇంకొకటి. ‘ప్రామాణిక రూపంలో రాసి గుణకాలు గుర్తించుము’ అన్న అభ్యాసం అక్కడితో ఆగిపోకూడదు. రాసిన ప్రతి సమీకరణం మీదా ఒక్క ప్రశ్నైనా అడగాలి: దీనికి పూర్ణ సంఖ్యల జవాబులున్నాయా, ఎన్ని? పాఠకులు కూడా ఒకటి చేసి చూడండి. ఇందాకటి ఇరవై, యాభై నోట్లతోనే 430 రూపాయల బిల్లు సరిగ్గా కట్టాలి. రెండు రకాల నోట్లూ కావలసినన్ని ఉన్నాయి. ముందు అపవర్తనం చేసి సమీకరణం రాయండి, తర్వాత ఎన్ని విధాలుగా కట్టవచ్చో లెక్కించండి. నాలుగు విధాలు వస్తే మీ లెక్క సరైనదే.